తోటలో శాసనసభ, అడుగున పడ్డ అడవి పద్దు

ఈ ఎపిసోడ్ కోసం మనం పెద్దగా ప్రయాణం చెయ్యక్కర్లేదు. లక్డీకాపూల్ మెట్రో స్టేషన్ దగ్గర దిగితే చాలు.

లక్డీకాపూల్ అంటే కర్ర వంతెన. ఇప్పుడు ఆ కర్రా లేదు, ఆ వంతెనా లేదు, పేరొక్కటే మిగిలింది. హైదరాబాద్‌లో సగం పేర్ల సంగతి ఇంతే కదా. స్టేషన్ నుంచి కాస్త నడిస్తే సైఫాబాద్‌లో రిజర్వు బ్యాంకు ఎదురుగా అరణ్య భవన్ కనిపిస్తుంది. అది అటవీ శాఖ ప్రధాన కార్యాలయం. ఇంకోవైపు రవీంద్రభారతి దాటితే తెల్లటి గుమ్మటాలతో శాసనసభ. ఈ రెండింటి మధ్య నడక పావుగంట కూడా ఉండదు. ఒకటి అడవి కోసం డబ్బు అడిగే ఇల్లు, రెండోది డబ్బు ఇచ్చే ఇల్లు. మధ్యలో ఉన్నది ఒక రోడ్డు, రెండు సిగ్నళ్ళు, అంతే. కానీ ఆ పావుగంట దూరం దాటడానికి అడవి డబ్బుకు ఏళ్ళు పడుతోంది. ఎందుకు పడుతోంది, ఎప్పటి నుంచి పడుతోంది అన్నదే ఈ రోజు కథ.

ముందు ఆ శాసనసభ ఎక్కడ ఉందో చూడండి. ఒక తోటలో ఉంది! బాగ్-ఎ-ఆమ్. బాగ్ అంటే తోట, ఆమ్ అంటే అందరిదీ. అందరి తోట. తర్వాత పబ్లిక్ గార్డెన్స్ అయింది. చిన్నప్పుడు మా ఇంట్లో హిందీ వచ్చిన ఒక పెద్దాయన "బాఘ్ అంటే పులిరా, అది పులుల తోట" అని మమ్మల్ని భయపెట్టేవాడు. ఉర్దూలో బాగ్ వేరు, హిందీలో బాఘ్ వేరు అని చాలా ఏళ్ళకు గాని తెలియలేదు. అయితే ఆయన చెప్పింది పూర్తిగా అబద్ధమూ కాదు. ఆ తోటలో ఒకప్పుడు జంతువులు ఉండేవి. నగరానికి మొదటి జూ అదే. దాని గురించి కాసేపట్లో చెబుతాను.

1905లో ఆరో నిజాం మహబూబ్ అలీఖాన్ 40వ జన్మదినం వేడుకలు ఈ తోటలో జరిగాయి. ఆ సందర్భానికి గుర్తుగా ఒక టౌన్ హాల్ కట్టాలనుకున్నారు. ఇక్కడ ఒక సంగతి గుర్తుపెట్టుకోండి. ఆ హాలు ప్రజల చందాలతో లేచింది. పూర్తయ్యేసరికి 1913 వచ్చింది. ఎవరి పుట్టినరోజుకు కట్టారో ఆయన 1911లోనే కన్నుమూశారు. ఆ టౌన్ హాలే తర్వాత శాసనసభ అయింది. అంటే మన ఎమ్మెల్యేలు కూర్చునే స్థలం అందరి తోట, దాని పాత భవనం జనం చందాల భవనం. ఒక పార్కుకు డబ్బు ఇవ్వాలా వద్దా అన్న చర్చ జరగడానికి ఇంతకంటే తగిన చోటు దేశంలో ఇంకెక్కడైనా ఉందేమో నాకైతే తెలియదు.

ఇక అడవికి వద్దాం. నిజాం కాలంలో అడవికి డబ్బు ఎందుకు పెట్టేవారు? నిజం చెప్పాలంటే వేట కోసం. మహబూబ్ అలీఖాన్ పేరున్న వేటగాడు. 1902లో వైస్రాయి లార్డ్ కర్జన్ భార్యతో సహా మన వరంగల్ వైపు నెక్కొండకు వచ్చి పులిని కొట్టారు. చచ్చిన పులి పక్కన ఆ దంపతులు నిలబడ్డ ఫోటో ఇప్పటికీ ఇంటర్నెట్‌లో తిరుగుతూ ఉంటుంది. తీసింది లాలా దీన్‌దయాళ్, నిజాం ఆస్థాన ఫోటోగ్రాఫర్. పులి వేటకు పులి కావాలి, పులికి జింక కావాలి, జింకకు గడ్డి కావాలి. అందుకని షికార్‌గాహ్‌లకు కాపలా ఉండేది. నల్లమలలో ఫరహాబాద్ దగ్గర, మెదక్ వైపు పోచారం దగ్గర అలా కాపాడిన వేట అడవులే ఉన్నాయి. కాపాడింది జంతువు మీద ప్రేమతో కాదు. ఖర్చు మాత్రం క్రమం తప్పకుండా జరిగేది, ఎందుకంటే దొరవారికి వేట సీజన్ తప్పకూడదు.

ఆ రాజ్యం అడవిలో ఇంకో రకం పని కూడా చేయించింది. 1931, 32లలో సలీం అలీ హైదరాబాద్ రాజ్యంలో పక్షుల సర్వే చేశారు. అప్పటికి ఆయన ఇంకా పేరు మోసిన శాస్త్రవేత్త కాదు, ఉద్యోగం కోసం వెతుక్కుంటున్న మనిషి. సర్వే ఖర్చు భరిస్తే చాలు, నాకు జీతం వద్దు అని తనే అడిగి మరీ ఈ పని తీసుకున్నారు. భార్య తహ్మీనాతో కలిసి గుడారాల్లో ఉంటూ ఫరహాబాద్ వరకు తిరిగారు. ఆ సర్వే ఫలితాలు బాంబే నేచురల్ హిస్టరీ సొసైటీ పత్రికలో వరసగా వచ్చాయి. ఈ రోజు అమ్రాబాద్‌లో ఫలానా పక్షి తొంభై ఏళ్ళ కింద ఉండేదా లేదా అని ఎవరైనా చెప్పగలుగుతున్నారంటే ఆ సర్వే వల్లే. ఖర్చు ఎంత? ఒక మనిషి గుడారం ఖర్చు, బండి కిరాయి. అంతకు మించి పెద్దగా ఏం ఉంటుంది చెప్పండి.

అయితే ఒక్క మాట. ఇదంతా చెప్పి "ఆహా, ఆ రోజుల్లో ఎంత బాగుండేది" అని నేను అనబోవడం లేదు. అదే అటవీ శాఖ అదే నిజాం రాజ్యంలో ఆదిలాబాద్ గోండులను పోడు భూముల నుంచి వెళ్ళగొట్టింది, పశువులను మేపుకుంటే పన్ను వేసింది. అక్కడి నుంచే కుమ్రం భీం పోరాటం పుట్టింది. 1940లో జోడేఘాట్‌లో భీం పోలీసు కాల్పుల్లో చనిపోయాడు. ఆ తర్వాతే రాజ్యానికి మెలకువ వచ్చి, గోండులు ఎందుకు తిరగబడ్డారో చూడమని హైమెన్‌డార్ఫ్‌ను పంపింది. ఆయన అప్పటికే అమ్రాబాద్ పీఠభూమి మీద చెంచుల మధ్య పని చేస్తున్నాడు. ఆస్ట్రియా మనిషి, యుద్ధం వల్ల హైదరాబాద్ రాజ్యం దాటి పోకూడదని ఆంక్ష పెట్టారు. చెంచుల మీద ఆయన పుస్తకం 1943లో వచ్చింది. నేను దీన్ని ఎందుకు చెబుతున్నానంటే, అడవికి నిధులు ఇవ్వండి అని అడిగేటప్పుడు లాఠీకి నిధులు ఇవ్వండి అని అడిగినట్టు కాకూడదు. ఆ తేడా చివర్లో మళ్ళీ వస్తుంది.

రాజ్యం పోయింది. దొరవారి వేట సీజనూ పోయింది. 1952 ప్రాంతంలో పాఖాల, పోచారం లాంటి అడవులు అభయారణ్యాలు అయ్యాయి. ఇక్కడ గమనించాల్సింది ఏమిటంటే, అప్పటిదాకా అడవి ఖర్చు ఒక్క మనిషి ఇష్టం. ఆయనకు కావాలంటే డబ్బు ఉంటుంది. ఇప్పుడు అది సభ ఇష్టం. ఏటేటా సభ ఓటు వేసి ఇస్తేనే డబ్బు. ప్రజాస్వామ్యం అంటే అదే. కాని ఈ మార్పులో అడవికి ఒక చిక్కు వచ్చి పడింది. అడవికి ఓటు లేదు. రోడ్డుకు ఓటు ఉంది, కాలవకు ఓటు ఉంది. అలుగుకో, కణుజుకో ఏ నియోజకవర్గంలో ఓటు ఉంది?

అయినా మొదట్లో మన సభ చిన్నబుచ్చలేదు. 1959 అక్టోబర్‌లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం జూ కోసం ఉత్తర్వు ఇచ్చింది. మీర్ ఆలం చెరువు పక్కన 380 ఎకరాలు. బాగ్-ఎ-ఆమ్‌లో బోనుల్లో ఇరుకుగా ఉన్న జంతువులను అక్కడికి తరలించారు. 1963 అక్టోబర్ 6న నెహ్రూ జూ పార్కు జనానికి తెరుచుకుంది. రాష్ట్రం పుట్టి మూడేళ్ళు. చేతిలో పెద్దగా డబ్బు లేదు, నాగార్జునసాగర్ కడుతున్నారు. ఆ టైంలో 380 ఎకరాలు జంతువులకు రాసిచ్చారు. ఈ రోజు మీర్ ఆలం దగ్గర 380 ఎకరాలంటే ధర ఎంతో మీరే లెక్క వేసుకోండి. ఒక రకంగా శాసనసభ తోటలోకి వచ్చింది, జంతువులు తోట ఖాళీ చేసి వెళ్ళిపోయాయి. అప్పట్లో అది జంతువులకు మేలే చేసింది. తర్వాత ఏమైందంటే, కంటికి కనిపించనిది మనసుకూ దూరమైంది.

ఇంకో మలుపు ఢిల్లీలో వచ్చింది. 1972లో వన్యప్రాణి సంరక్షణ చట్టం. 1973 ఏప్రిల్ 1న ప్రాజెక్ట్ టైగర్, తొమ్మిది రిజర్వులతో మొదలైంది. మనది అందులో లేదు. నల్లమల 1983లో చేరింది. మధ్యలో 1976లో 42వ రాజ్యాంగ సవరణ వచ్చింది. అప్పటిదాకా అడవులు, వన్యప్రాణుల రక్షణ పూర్తిగా రాష్ట్రాల జాబితాలో ఉండేవి. ఆ సవరణతో ఉమ్మడి జాబితాలోకి వచ్చాయి. దానివల్ల మంచి జరగలేదని నేను అనను. చాలా అడవులు ఆ పట్టువల్లే మిగిలాయి. కాని ఉమ్మడి అనే మాటకు మన ఊళ్ళల్లో ఒక అర్థం ఉంది. ఉమ్మడి బావికి పూడిక ఎవరు తీస్తారు? పక్కవాడు తీస్తాడని అందరూ చూస్తారు.

ఇక అసలు లెక్కలోకి రండి. ఈ రోజు అడవికి డబ్బు ఎక్కడి నుంచి వస్తోంది? నాలుగు చోట్ల నుంచి వస్తోంది, ఆ నాలుగూ రాష్ట్రం సొంత జేబు కాదు, లేదా పూర్తిగా కాదు.

టైగర్ రిజర్వులకు కేంద్రం 60, రాష్ట్రం 40. ఇది 2015-16 నుంచి ఉన్న పద్ధతి. అంతకుముందు కొన్ని ఖర్చులకు కేంద్రమే మొత్తం పెట్టుకునేది. ఇప్పుడు కేంద్రం తన వాటా పంపినా అది రాష్ట్ర ఖజానా దాటి రావాలి, రాష్ట్రం తన 40 కలపాలి, ఖర్చు లెక్కలు వెనక్కి పంపాలి, అప్పుడు రెండో విడత వస్తుంది. మధ్యలో ఏ ఒక్క చోట కాగితం ఆగినా మన్ననూరు చెక్‌పోస్టు దాకా డబ్బు రాదు. ఆర్థిక శాఖలో బీఆర్ఓ అనే కాగితం ఒకటి ఉంటుంది, బడ్జెట్ విడుదల ఉత్తర్వు. బడ్జెట్‌లో రాసినంత మాత్రాన డబ్బు ఉన్నట్టు కాదు, బీఆర్ఓ వస్తేనే ఉన్నట్టు. టీవీలో బడ్జెట్ రోజు చూసేది ఒక అంకె, మార్చి ఆఖరుకు నిజంగా ఖర్చయ్యేది ఇంకో అంకె. ఈ రెండు అంకెల మధ్య తేడా గురించి మన చానళ్ళలో చర్చ మీరు ఎప్పుడైనా చూశారా?

రెండోది కాంపా. ఇది కాస్త వివరంగా చెప్పాలి, ఎందుకంటే "కాంపా నిధులు ఉన్నాయి కదా" అన్నది అన్నిటికీ జవాబు అయిపోయింది. ప్రాజెక్టు కోసం ఎవరైనా అడవి భూమి తీసుకుంటే, పోయిన అడవికి బదులుగా డబ్బు కట్టాలి. గోదావర్మన్ కేసులో సుప్రీంకోర్టు 2002లో ఈ డబ్బుకు ప్రత్యేక నిధి పెట్టమంది. 2016లో దానికి చట్టం వచ్చింది. 2019 ఆగస్టులో కేంద్రం దాదాపు 47 వేల కోట్లు రాష్ట్రాలకు పంచితే, తెలంగాణకు సుమారు 3,110 కోట్లు, ఆంధ్రప్రదేశ్‌కు సుమారు 1,730 కోట్లు వచ్చాయి. పెద్ద డబ్బే. కాని అది ఏ డబ్బు? నరికిన అడవి తాలూకు పరిహారం! ఒక్క కాళేశ్వరం ప్రాజెక్టుకే 3 వేల హెక్టార్లకు పైగా అటవీ భూమి పోయింది. ఇల్లు కాలిపోతే వచ్చిన బీమా డబ్బుతో నెల నెలా బియ్యం కొనుక్కుంటే ఎలా ఉంటుంది? ఇంకో విషయం, అడవి ఎంత ఎక్కువ పోతే ఈ నిధి అంత పెరుగుతుంది. అడవి పోవడం ఆగిన రోజు ఈ నిధీ ఎండిపోతుంది. అలాంటి డబ్బు మీద అడవి కాపలాను ఆధారపెట్టడం ఎంత తలకిందుల పనో చూడండి. పైగా రెగ్యులర్ సిబ్బంది జీతాలకు ఈ డబ్బు వాడకూడదని నిబంధన. అంటే ఖాళీగా ఉన్న బీట్ ఆఫీసర్ పోస్టు నింపాలంటే మళ్ళీ రాష్ట్రం జేబులోంచే రావాలి.

మూడోది జనం చేతి డబ్బు. 2021 అక్టోబర్‌లో ఇదే సభలో హరిత నిధి ప్రకటించారు. ఎమ్మెల్యేలు, ఎంపీలు నెలకు 500, ఐఏఎస్, ఐపీఎస్ అధికారులు 100, మామూలు ఉద్యోగి 25 రూపాయలు. స్కూల్లో చేరే పిల్లవాడి దగ్గర కూడా 5 రూపాయలు. మొక్కలు నాటడానికి. ఆలోచన చెడ్డదని కాదు. కాని చూడండి, ఈ తోటలోనే 1905లో చందాలు వేసుకుని హాలు కట్టారు. నూట పదహారేళ్ళ తర్వాత, అదే తోటలో, ఏటా లక్షల కోట్ల బడ్జెట్ పాస్ చేసే సభ కూడా అడవి దగ్గరకొచ్చేసరికి చందాల దాకే వచ్చింది. దాన్ని చప్పట్లు కొట్టి ఆమోదించారు.

నాలుగోది గేటు దగ్గర టికెట్టు. జూ నడిచేది ఎక్కువగా దాని మీదే. 2021 మే నెలలో ఏం జరిగిందో గుర్తుందా? నెహ్రూ జూలో ఎనిమిది ఆసియా సింహాలకు కోవిడ్ వచ్చింది, దేశంలో అదే మొదటిసారి. సీసీఎంబీలో పరీక్ష చేసి తేల్చారు. గేట్లు మూసేశారు. గేటు మూస్తే టికెట్టు లేదు. కాని సింహానికి లాక్‌డౌన్ ఉండదు కదండీ, రోజూ మాంసం పడాల్సిందే. జూ మీద నేను చెప్పే ఇంకో తారీఖు 2000 అక్టోబర్. అదే జూలో సఖి అనే ఆడపులి పిల్లను రాత్రిపూట బోనులోనే చంపి చర్మం ఒలుచుకుపోయారు. అడవిలో కాదు, నగరం మధ్యలో, గోడ లోపల. ఆ వార్త చదివిన రోజు నాకు బాగా గుర్తు. మా ఆఫీసులో ఎవరూ సరిగ్గా అన్నం తినలేదు. కాపలా అంటే ఏమిటో, అది ఒక్క రాత్రి తప్పితే ఏమవుతుందో ఆ రోజు ఊరంతటికీ తెలిసింది.

వీటితో పాటు మధ్యలో ఇంకో డబ్బు వచ్చి పోయింది. 1990లలో, 2000లలో ప్రపంచ బ్యాంకు అప్పుతో వన సంరక్షణ సమితులు నడిచాయి. పల్లెల్లో బోర్డులు పెట్టారు, మీటింగులు పెట్టారు, కొన్ని చోట్ల నిజంగా గుట్టలు పచ్చబడ్డాయి. ప్రాజెక్టు అయిపోయింది, బోర్డు తుప్పు పట్టింది. బయటి డబ్బుకు ఒక ఆఖరు తేదీ ఉంటుంది. అడవికి ఆఖరు తేదీ ఉండదు.

ఇప్పుడు నేను చెప్పబోయేదే ఈ ఎపిసోడ్‌లో ముఖ్యమైన మాట. క్యాలెండర్ గురించి. ప్రభుత్వం ఏడాది ఏప్రిల్ 1న మొదలై మార్చి 31న ముగుస్తుంది. అడవి ఏడాది అలా ఉండదు. నల్లమలలో జనవరి దాటితే ఆకు రాలుతుంది, గడ్డి ఎండుతుంది. ఫిబ్రవరి లోపల ఫైర్ లైన్లు కొట్టాలి, అంటే మంట దాటకుండా దారి పొడుగునా ఎండుగడ్డి, ఆకు తీసేసి ఖాళీ జాగా చెయ్యాలి. ఫిబ్రవరి నుంచి మే దాకా నిప్పు భయం. ఏప్రిల్, మే నెలల్లో వాగులు ఎండిపోతాయి. అప్పుడు ట్యాంకర్లతో సాసర్ పిట్లు నింపాలి, అంటే జంతువులు తాగడానికి నేలలో సాసర్‌లా కట్టిన సిమెంటు తొట్లు. మరి ఫిబ్రవరి, మార్చి అంటే ఖజానాలో ఏమిటి? ఏడాది ఆఖరు, బిల్లులు ఆపే కాలం. ఏప్రిల్, మే అంటే? కొత్త ఏడాది, ఇంకా ఏదీ విడుదల కాని కాలం. అడవికి డబ్బు బాగా అవసరమైన నాలుగు నెలలూ, సర్కారు జేబు బిగుసుకుపోయే నాలుగు నెలలూ ఒక్కటే! 2024నే తీసుకోండి. ఫిబ్రవరిలో ఓట్ ఆన్ అకౌంట్ పెట్టారు, పూర్తి బడ్జెట్ జులై 25న వచ్చింది. జులైకి వానలు పడి, అడవి పచ్చబడి, ఆ ఏడాది కాలాల్సింది కాలిపోయి, దాహంతో చావాల్సింది చచ్చిపోయి కూడా అయిపోతుంది. ఇది ఒక్క పార్టీ తప్పు కాదు. ఎవరున్నా ఇంతే జరిగింది, ఎందుకంటే ఈ రెండు క్యాలెండర్లను పక్కపక్కన పెట్టి సభలో ఎవరూ చూపించలేదు.

ఈ ఆలస్యం ఎవరి మీద పడుతుంది? ఐఎఫ్ఎస్ ఆఫీసర్ జీతం ఆగదు. బేస్ క్యాంపులో ఉండే వాచర్ కూలి ఆగుతుంది. అమ్రాబాద్ రిజర్వు 2,611 చదరపు కిలోమీటర్లు. అందులో పగలూ రాత్రీ తిరిగేవాళ్ళలో చాలామంది చెంచులు. పులి అడుగు చూసి మగదో ఆడదో, పొద్దున వెళ్ళిందో నిన్న వెళ్ళిందో చెప్పేది వాళ్ళే. కెమెరా ట్రాప్ ఎక్కడ కట్టాలో చూపించేదీ వాళ్ళే. వాళ్ళు పర్మినెంట్ కాదు, నెలసరి కూలి. మూడు నెలలు కూలి రాకపోతే ఆ మనిషి అచ్చంపేట వెళ్ళి సిమెంటు పనిలో చేరతాడు. అతణ్ణి తప్పు పట్టగలమా? అతను వెళ్ళిపోయిన క్యాంపు ఖాళీ. ఖాళీ క్యాంపు సంగతి మనకంటే ముందు ఉచ్చులు పెట్టేవాడికి తెలుస్తుంది. నేను ఇందాక లాఠీ వేరు, నిధి వేరు అన్నది ఇందుకే. అడవి డబ్బు అంటే తుపాకీ కొనడం కాదు. ముందుగా అది చెంచు మనిషి నెల జీతం.

రెండో దెబ్బ రైతు మీద. 2024 జనవరిలో కాగజ్‌నగర్ అడవిలో రెండు పులులు చనిపోయి కనిపించాయి. విషం కలిపిన పశువు కళేబరం తినడం వల్ల అని తేలింది. విషం పెట్టడం నేరం, అందులో రెండో మాట లేదు. కాని ఆవు పోయిన ఇంటి నుంచి కూడా ఒకసారి చూడాలి. పాలిచ్చే ఆవును పులి తింటే ప్రభుత్వం పరిహారం ఇస్తుందని రూలు ఉంది. ఆ పరిహారం వారంలో చేతిలో పడితే రైతు "పోనీలే" అంటాడు. ఆఫీసు చుట్టూ తిప్పితే ఆ ఊళ్ళో పులి పేరు చెబితేనే మండుతుంది. కాగజ్‌నగర్ వైపు పులులు మహారాష్ట్ర తాడోబా నుంచి నడిచి వస్తాయి. నడిచి వచ్చిన అతిథి అన్నమాట. వాటిని ఇక్కడ నిలబెట్టాలంటే ముందు ఆవు డబ్బు టైముకు ఇవ్వాలి. ఎంత డబ్బు అది? నగరంలో ఒక జంక్షన్‌కు రంగులు వేసి బొమ్మలు పెట్టే ఖర్చు కంటే ఎక్కువా?

పులుల లెక్క ఒకటి చెప్పి ముందుకు వెళ్తాను. 2018 గణనలో తెలంగాణలో 26, ఆంధ్రప్రదేశ్‌లో 48. 2022లో తెలంగాణలో 21, ఆంధ్రప్రదేశ్‌లో 63. కృష్ణకు ఇటు అమ్రాబాద్, అటు నాగార్జునసాగర్-శ్రీశైలం రిజర్వు. ఒకటే నల్లమల, 2014 దాకా ఒకటే రిజర్వు. ఇది మొత్తం నిధుల వల్లే అని నేను అనడం లేదు, పులి లెక్కల్లో ఇంకా చాలా కారణాలుంటాయి. కాని తెలంగాణ సభలో ఒక్క సభ్యుడైనా లేచి "అటు పెరిగాయి, ఇటు ఎందుకు తగ్గాయి?" అని అడగవలసిన లెక్కే కదా ఇది.

ఇతర దేశాల్లో సభలు బంగారంలా ఉంటాయని అనుకోకండి. అమెరికాలో టెక్సాస్ కథ ఉంది. డాలస్, హ్యూస్టన్‌లలో మనవాళ్ళు చాలామంది ఉంటారు కాబట్టి వాళ్ళకు తెలిసే ఉంటుంది. అక్కడ 1993లో క్రీడా సామగ్రి మీద వచ్చే అమ్మకం పన్నును స్టేట్ పార్కులకు ఇవ్వాలని ఏర్పాటు చేశారు. రాసుకున్నారు గాని శాసనసభ ఏళ్ళ తరబడి ఆ డబ్బు పూర్తిగా ఇవ్వలేదు, వేరే లెక్కల్లోకి తిప్పింది. పార్కుల్లో పైపులు పగిలాయి, టాయిలెట్లు మూతపడ్డాయి. జనం పట్టుబట్టారు. ఆఖరికి 2019 నవంబర్‌లో రాష్ట్ర రాజ్యాంగ సవరణకే ఓటింగ్ పెట్టారు. దాదాపు 88 శాతం మంది అవునన్నారు. రిపబ్లికన్లు, డెమొక్రాట్లు ఏ ఒక్క విషయంలోనూ కలవని రాష్ట్రం అది. ఇప్పుడు ఆ పన్ను డబ్బు పార్కులకు తప్ప ఇంకెక్కడికీ పోకుండా కట్టు పడింది. మన దగ్గర రాజ్యాంగ సవరణ దాకా అక్కర్లేదు. పద్దు మీద ఒక గంట చర్చ జరిగితే అదే చాలా ఎక్కువ.

పద్దు అన్నాను కదా, అదేమిటో చెప్పాలి. బడ్జెట్ ప్రసంగం తర్వాత ఒక్కో శాఖ డబ్బు ఒక్కో పద్దుగా సభ ముందుకు వస్తుంది. సభ్యుడు దాని మీద మాట్లాడవచ్చు, కోత తీర్మానం పెట్టవచ్చు. పేరు కోత తీర్మానం అయినా, దాన్ని డబ్బు తగ్గించడానికి కాక, నిలదీయడానికే ఎక్కువగా వాడతారు. అడవి పద్దు వచ్చేసరికి మాత్రం నాలుగైదు శాఖలతో కలిపి, రాత్రిపూట, సభ్యులు ఇళ్ళకు వెళ్ళే తొందరలో ఉండగా వస్తుంది. "అనుకూలంగా ఉన్నవారు అవును అనండి" అంటారు, అయిపోతుంది. ఈ గొంతులు వినిపించే హాలు బయట, బాగ్-ఎ-ఆమ్ చెట్ల కింద, పొద్దున్నే వాకింగ్ చేసే వాళ్ళు ఉంటారు. లోపల జరిగింది వాళ్ళకు తెలియదు, బయట ఉన్న చెట్టు లోపలివాళ్ళకు పట్టదు.

కాబట్టి ఈ ఎపిసోడ్ చూసే శాసనసభ్యులు ఎవరైనా ఉంటే, మీ పార్టీ ఏదైనా సరే, నాది ఒక విన్నపం. వన్యప్రాణి రక్షణకు రాష్ట్రం సొంత డబ్బుతో ఒక విడి పద్దు మళ్ళీ నిలబెట్టండి. కాంపాను, హరిత నిధిని అందులో కలిపి చూపించకండి. టైగర్ రిజర్వుల 40 శాతం వాటా ఏప్రిల్ మొదటి వారంలోనే విడుదల చెయ్యమని అడగండి. ఫైర్ లైన్ల డబ్బు డిసెంబర్ దాటకముందే డివిజన్లకు చేరాలని, వాచర్ కూలీ, పశువుల పరిహారం ఏ నెలది ఆ నెల ఇచ్చారో లేదో సభ ముందు లెక్క పెట్టాలని అడగండి. ప్రశ్నోత్తరాల సమయంలో ఒక ప్రశ్న చాలు.

మిగతా వాళ్ళం మనం ఓటర్లం. బడ్జెట్ సమావేశాలు మొదలయ్యే ముందు మీ ఎమ్మెల్యేకు ఒక ఉత్తరం రాయండి. ఫోన్ మెసేజ్ కాదు, ఉత్తరం. అందులో పై ప్రశ్నలే రాయండి. కాగజ్‌నగర్ పేరు రాయండి, అమ్రాబాద్ పేరు రాయండి. మీ ఊరి దగ్గర అభయారణ్యం ఉంటే దాని పేరు రాయండి. ఉత్తరం పట్టుకుని మీరే స్వయంగా వెళ్ళాలనుకుంటే దారి చెప్పాను కదా, లక్డీకాపూల్‌లో దిగండి. అసెంబ్లీ పాస్ దొరకకపోయినా తోటలోకి వెళ్ళడానికి పాస్ అక్కర్లేదు. వచ్చే ఎపిసోడ్‌లో నెక్కొండ వేట ఫోటో గురించి, దీన్‌దయాళ్ కెమెరా గురించి వివరంగా మాట్లాడుకుందాం.